శాఖలన్నీ ఒక్కటి చేస్తే సాయం తొందరగా వస్తుందా?

సందేహాల_సుబ్బు
ఎక్కడ పెద్ద ప్రమాదం జరిగినా వారం తిరక్కుండా ఒకటే మాట. "అగ్నిమాపకం వేరు, అంబులెన్స్ వేరు, విపత్తు నిర్వహణ వేరు, పోలీసు కంట్రోల్ రూమ్ వేరు. అందుకే ఆలస్యం. అన్నీ కలిపి ఒకే సంస్థ చేసెయ్యండి." వినడానికి బాగానే ఉంటుంది. కలిపాక బండి నిజంగా ముందొస్తుందా, లేక బోర్డు మీద పేరొక్కటే మారుతుందా? ఏది కలపాలి, ఏది ముట్టుకోకూడదు? ఈ పనులు తెలిసినవాళ్ళు చెప్పండి. "చిత్తశుద్ధి ఉండాలి" లాంటి జవాబులు మాత్రం వద్దు, దండం పెడతా.

రాత్రి_డిస్పాచ్
ముందు ఆలస్యాన్ని ముక్కలు చెయ్యండి. ఫోన్ ఎత్తడం ఒకటి. ఎక్కడ, ఏమైందో తెలుసుకోవడం రెండు. ఏ బండి పంపాలో తేల్చడం మూడు. సిబ్బంది బండెక్కి బయల్దేరడం నాలుగు. ప్రయాణం ఐదు.

అమెరికాలో అగ్ని భద్రత ప్రమాణాలు రాసే ఎన్‌ఎఫ్‌పీఏ అనే సంఘం 1710 ప్రమాణం ప్రకారం ఫైర్ సిబ్బంది బయల్దేరడానికి 80 సెకన్లు, వైద్య కాల్‌కి 60 సెకన్లు, మొదటి ఫైరింజన్ ప్రయాణానికి 240 సెకన్లు. ఈ చివరి రెండు ముక్కల్నీ విలీనం ఏమీ చెయ్యలేదు. స్టేషన్ ఎక్కడుంది, రోడ్డు ఎలా ఉందన్నదే లెక్క. లాభమంతా మొదటి మూడింట్లోనే.

అందులోనూ పెద్ద దొంగ బదిలీ. కాల్ మొదటి గదికి వస్తుంది, అక్కడ కథంతా చెప్తారు, రెండో గదికి మళ్ళిస్తారు, మళ్ళీ రింగు, మళ్ళీ "ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?" ఒక ప్రతిపాదన మంచిదో కాదో చూడాలంటే ఈ రెండో ప్రశ్న పోతుందా లేదా చూడండి. పోకపోతే మిగిలిందంతా కుర్చీల సర్దుబాటే.

బోర్డు_మార్పిడి
సుబ్బుగారికి నా జవాబు సగం వాక్యం: పేరే మారుతుంది. అతుకు ఎక్కడికీ పోదు. ఇదివరకు రెండు శాఖల మధ్య ఉండేది, ఇప్పుడు ఒకే శాఖలో రెండు విభాగాల మధ్య ఉంటుంది. బయటికి కనపడదు కాబట్టి ఇంకా ప్రమాదం.

ఒకే_గొడుగు
అంత తేలిగ్గా కొట్టిపారెయ్యకండి. సింగపూర్ చూడండి. 1986 మార్చిలో హోటల్ న్యూ వరల్డ్ కూలి 33 మంది పోయారు. 1989లో అక్కడి ఫైర్ సర్వీసునీ, సివిల్ డిఫెన్స్ ఫోర్సునీ కలిపేశారు. మంటలు, కూలిన భవనాలు, అత్యవసర అంబులెన్సులు, రసాయనాల లీకులు అన్నీ ఇప్పుడు ఒకే దళం చూస్తోంది. కలిపితే పని జరగదనేది నిజం కాదు.

బోర్డు_మార్పిడి
@ఒకే_గొడుగు ఒక నగరం, ఒకే ప్రభుత్వం, మధ్యలో ఇంకో అంచె లేదు. కలిపినవి కూడా పక్కపక్క పనులు: మంట ఆర్పడం, శిథిలాల్లోంచి మనుషుల్ని తియ్యడం. అది విలీనమా, తోడికోడళ్ళు ఒకే వంటింట్లోకి రావడమా?

పాతఫైళ్ళు
ఎదురు ఉదాహరణ అమెరికా అంతర్గత భద్రత శాఖ, హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ. 2002 నవంబరులో చట్టం, 2003 మార్చి 1న పని మొదలు, 22 సంస్థలు, సుమారు 1,80,000 మంది ఉద్యోగులు. అప్పటిదాకా విపత్తుల పని చూసే ఫీమా స్వతంత్ర సంస్థ, దాని డైరెక్టరు నేరుగా అధ్యక్షుడితో మాట్లాడేవాడు. కలిపాక పైన ఒక మంత్రి. ఆ శాఖ చూపంతా ఉగ్రవాదం మీద. ముందస్తు సన్నద్ధత పనిని ఫీమా నుంచి విడదీసి వేరే విభాగానికిచ్చారు. అంటే కసరత్తులు చేయించేది ఒకరు, వరదొస్తే దిగేది ఇంకొకరు. 2005 ఆగస్టులో కత్రినా తుపాను వచ్చింది. తర్వాత జరిగింది లోకం చూసింది. 2006లో ఇంకో చట్టం చేసి సన్నద్ధతని తిరిగి ఫీమాకిచ్చారు, విపత్తు వేళ అధిపతి నేరుగా అధ్యక్షుడికి చెప్పుకునే దారీ తెరిచారు. మూడు నాలుగేళ్ళలోనే కుట్టినదాన్ని విప్పి మళ్ళీ కుట్టారన్నమాట.

అదే కత్రినాలో అదే శాఖలోని కోస్ట్ గార్డు 33 వేల మందికి పైగా కాపాడింది. దాన్ని కూడా కలిపారు కదా, మరి అదెలా? చట్టంలోనే దాన్ని విడగొట్టకూడదు, పనులు తగ్గించకూడదు అని రాసుకున్నారు. స్థానిక కమాండరు పై ఉత్తర్వు కోసం ఆగకుండా హెలికాప్టరు లేపచ్చు. ఎవరి కింద ఉన్నారనే దానికన్నా ఎవరిని అడక్కుండా కదలొచ్చనేదే అక్కడ పనికొచ్చింది.

ఎర్లాంగ్_లెక్క
కంట్రోల్ రూములు కలపడం వల్ల వచ్చే లాభానికి గట్టి లెక్కుంది. మూడు గదులు, ఒక్కోదానికి రద్దీ వేళ 4 ఎర్లాంగ్‌లు అనుకోండి. అంటే ఏ క్షణం చూసినా సగటున నాలుగు కాల్స్ నడుస్తుంటాయి. గదికి 7 సీట్లుంటే, ఫోన్ చేసినవాడు వరసలో ఆగాల్సిన అవకాశం 13 శాతం చిల్లర. మొత్తం 21 సీట్లు. మూడూ కలిపితే 12 ఎర్లాంగ్‌లు, దాదాపు అదే 13 శాతానికి 17 సీట్లు సరిపోతాయి.

నాలుగు సీట్లు తగ్గితే నలుగురు తగ్గినట్టు కాదు. ఒక సీటు వారానికి 168 గంటలు నిండాలి. మనిషికి 40 గంటలు వేస్తే 4.2 మంది. సెలవులు, జబ్బులు, శిక్షణ కలిపితే సీటుకి ఐదుగురికి తక్కువైతే నడవదు. కాబట్టి ఇరవై మంది చేతికొస్తారు. వాళ్ళని ఇంటికి పంపకుండా పర్యవేక్షణకీ, శిక్షణకీ వాడితే విలీనానికి అర్థముంది.

రాత్రి_డిస్పాచ్
లెక్క సరే, దాని కింద రెండు షరతులు దాక్కుని ఉన్నాయి.

మొదటిది, ఎవరు ఏ కాల్ ఎత్తినా పూర్తి చెయ్యగలగాలి. గుండె ఆగిన మనిషి పక్కనున్నవాళ్ళకి ఛాతీ ఎలా నొక్కాలో చెప్తూ అంబులెన్స్ చేరేదాకా లైన్లో ఉండాలి. పోలీసు కాల్స్ అలవాటైన ఆపరేటరుకి ఆ శిక్షణ ఇచ్చాక సగటు కాల్ నిడివి పెరుగుతుంది, మీ 12 ఎర్లాంగ్‌లు 14 అవుతాయి.

రెండోది, కాల్స్ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తాయని ఆ సూత్రం అనుకుంటుంది. తుపాను రాత్రి అలా రావు. చెట్టు పడిందని మూడు గదులకీ ఒకేసారి మోగుతాయి. అంటే మామూలు రోజు మిగిలిన నాలుగు సీట్లు సరిగ్గా అవసరమైన రోజున ఉండవు. పది నిమిషాల్లో తెరవగలిగే ఖాళీ సీట్లు, పిలిస్తే వచ్చే జాబితా పక్కన పెట్టుకోకుండా 21ని 17 చెయ్యొద్దు.

ఎర్లాంగ్_లెక్క
@రాత్రి_డిస్పాచ్ ఒప్పుకుంటున్నా. 17 మామూలు రోజుది. ఫర్నిచరు మాత్రం 25కి కొనండి.

కుర్చీల_కాంట్రాక్టరు
ఈ దారంలో నాకు నచ్చిన పోస్టు ఇదొక్కటే.

మ్యాపుల_మనిషి
అందరూ మనుషుల గురించి మాట్లాడుతున్నారు. కలిపిన మర్నాడు మొదట చచ్చేది చిరునామా.

పోలీసు జాబితాలో రోడ్లు స్టేషన్ పరిధి ప్రకారం ఉంటాయి. ఫైర్ వాళ్ళవి నీటి హైడ్రంట్లు, పెద్ద భవనాల గుర్తులతో. అంబులెన్స్ వాళ్ళది ఫోన్ నుంచి వచ్చే బిందువు. ఒకే వీధికి మూడు పేర్లు, మూడు స్పెల్లింగులు. పాత కాగితపు మ్యాపుల నుంచి ఎక్కించిన బిందువులైతే వేరే డేటమ్‌లో (అక్షాంశ రేఖాంశాలు కొలిచే ఆధారంలో) ఉంటాయి, మార్చకుండా కలిపితే పదుల నుంచి వందల మీటర్లు పక్కకి జరుగుతాయి. తెర మీద అందంగానే కనపడుతుంది, బండి పక్క వీధికి పోతుంది.

చెయ్యాల్సింది: అన్నిటినీ జీపీఎస్ వాడే డేటమ్ డబ్ల్యూజీఎస్ 84కి మార్చాలి. ఒక అధికారిక పేరు పెట్టి, పాత పేర్లన్నీ మారుపేర్ల పట్టికలో ఉంచాలి. తీసెయ్యకూడదు, ఎందుకంటే ఫోన్ చేసేవాళ్ళు పాత పేరే చెప్తారు. భవనానికి బిందువు కప్పు మధ్యలో కాదు, బండి లోపలికెళ్ళే గేటు దగ్గర పెట్టాలి. హైవే మీద కిలోమీటరు రాయితో పాటు ఏ దిక్కు వెళ్ళే దారో ఉండాలి. లేకపోతే డివైడరుకి అవతల ఆగి చూస్తూ నిలబడతారు. ఫ్లైఓవరు మీదా కిందా అన్నది వేరే గడి.

తర్వాత పరీక్ష. ఒక్కో శాఖ నుంచి ఓ 500 పాత కాల్స్ తీసి కొత్త వ్యవస్థలో వెయ్యండి. బండి నిజంగా ఆగిన చోటుకీ, కొత్తగా చూపించిన చోటుకీ 100 మీటర్లు దాటి తేడా వచ్చినవన్నీ చేత్తో చూడాలి. ఆ చూడటానికే నెలలు పడుతుంది. ప్రాజెక్టు ప్లానులో దీనికి రెండు వారాలు రాసుంటే ఆ ప్లాను రాసినవాడు ఎప్పుడూ ఈ పని చెయ్యలేదని అర్థం.

సందేహాల_సుబ్బు
ఇప్పుడు ఫోన్లే చోటు చూపిస్తాయి కదా, ఇంత గోల ఎందుకు?

మ్యాపుల_మనిషి
@సందేహాల_సుబ్బు ఫోన్ ఆన్‌లో ఉన్న చోటు చూపిస్తుంది. "మా నాన్న అక్కడ ఒక్కరే ఉన్నారు, ఫోన్ ఎత్తట్లేదు" అని వేరే ఊరి నుంచి చేసేవాళ్ళకి అదేం పనికొస్తుంది? అపార్టుమెంటులో ఎన్నో అంతస్తో కూడా అన్నిసార్లూ చెప్పదు.

వైర్‌లెస్_సెట్టు
నా వంతు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కు జంట టవర్ల మీద దాడి జరిగినప్పుడు, పైన పోలీసు హెలికాప్టర్లలోంచి టవరు కూలేలా ఉందని చూసి చెప్పారు. ఆ మాట పోలీసు ఛానల్లో వెళ్ళింది. ఉత్తర టవర్లో ఉన్న ఫైర్ వాళ్ళ రేడియోలకి అది అందే దారి లేదు. దీన్ని చూపించే "కలిపెయ్యండి" అంటారు. కానీ కలపాల్సింది శాఖల్ని కాదు, ఛానళ్ళ పట్టికని.

ఎవరి సెట్లో ఏ గ్రూపు, ఏ క్రమంలో, ఏ పేరుతో ఉందో ఒకే కాగితం మీదకి తేవాలి. ఒకళ్ళ సెట్లో "ఫైర్ 4" అని ఉన్నది ఇంకొకళ్ళ సెట్లో "టాక్ 12" అయితే సాంకేతికంగా కలిసినట్టే, మనుషులకి కలవనట్టే. మాటల్ని బయటివాళ్ళకి అర్థం కాకుండా దాచే ఎన్‌క్రిప్షన్ కీలు ఒక శాఖ మార్చి రెండోదానికి చెప్పకపోతే ఆ రోజు నుంచి గరగరే.

గేట్‌వే (రెండు రేడియో నెట్‌వర్కుల్ని కలిపే పెట్టె) పెట్టి వాటిని అతికితే రెండు జబ్బులు. మాట ఆలస్యంగా వెళ్తుంది కాబట్టి బటన్ నొక్కగానే మాట్లాడితే మొదటి పదం తెగిపోతుంది. "రెండో అంతస్తు ఖాళీ చెయ్యండి" లో మొదటి పదం పోతే ఏం మిగులుతుందో మీరే చూసుకోండి. నొక్కి, ఒక సెకను ఆగి మాట్లాడాలి. ఇక ఇద్దరు వేర్వేరు చోట్ల నుంచి అవే ఛానళ్ళని అతికితే శబ్దం గుండ్రంగా తిరుగుతూ ఛానల్ మొత్తాన్ని మూసేస్తుంది. అందుకే అతికే అధికారం ఒక్క డెస్కుకే ఉండాలి.

ఇంకోటి, 300 సెట్లు ఒకే గ్రూపులోకి తేవడం సమన్వయం కాదు, సంత. ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు. ఒక్కో శాఖ తన గ్రూపులో ఉండాలి, నాయకులు మాత్రం ఉమ్మడి గ్రూపులో ఉండాలి.

పాతఫైళ్ళు
దానికి ఒక తోక. అంకెల కోడ్‌లు ఒక్కో శాఖలో ఒక్కో అర్థం. అందుకే అమెరికాలో 2006 నుంచి పలు శాఖలు కలిసే ఘటనల్లో కోడ్‌లు వదిలి మామూలు మాటలే వాడాలన్నారు. ఖర్చు లేని సంస్కరణ. అలవాటు మానడమే కష్టం.

సర్వీస్_రూల్స్
విలీనం జీవో ఒక పేజీ. దాని అనుబంధాలు గది నిండా.

ఫైర్ వాళ్ళు చాలాచోట్ల 24 గంటల డ్యూటీ చేసి 48 గంటలు ఇంటి దగ్గర ఉంటారు. అంబులెన్స్ వాళ్ళది 12 గంటల షిఫ్టు, పోలీసు కంట్రోల్ రూముది 8 గంటలు. ఒకే గదిలో మూడు సమయాల్లో మారితే అప్పగింతలు రోజుకి మూడింతలు. ఒకే షిఫ్టు చేస్తే సంఘాలు కోర్టుకి. జీతాలు సమానం చెయ్యాలంటే ఎప్పుడూ పైకే సమానం, కిందికి ఎవరూ రారు. విలీనంతో డబ్బు మిగులుతుందన్న లెక్క ఇక్కడే తప్పుతుంది. సమానం చెయ్యకపోతే న్యూయార్కు లాగా. 1996లో అంబులెన్స్ సేవని ఫైర్ శాఖలో కలిపారు, యూనిఫాం మీద పేరు ఒకటైంది, జీతాల తేడా గొడవ దశాబ్దాలు నడిచింది.

చట్టం ఇంకో తలనొప్పి. తలుపు పగలగొట్టి లోపలికెళ్ళే అధికారం, జనాన్ని ఖాళీ చేయించే అధికారం, పాత చట్టంలో ఫలానా హోదా పేరు మీద ఉంటాయి. ఆ హోదా రద్దయితే అధికారమూ పోతుంది. కొత్త చట్టంలో "పాత హోదా ఉన్నచోటల్లా ఇకపై ఇది చదువుకోవాలి" అన్న వాక్యం లేకపోతే మర్నాడు ఫైర్ ఆఫీసరు తలుపు ముందు నిలబడాలి. రేడియో తరంగాల లైసెన్సు, అంబులెన్సులో మత్తుమందుల లైసెన్సు, బండ్ల రిజిస్ట్రేషను, నడుస్తున్న కాంట్రాక్టులు, పెండింగు కేసులు అన్నీ పాత పేరు మీదే ఉంటాయి. రోగి వివరాలు పోలీసు డెస్కుకి ఎంతవరకు కనపడాలో కూడా ముందే రాసుకోవాలి.

డిప్యుటేషన్_ప్రాణి
విలీనం కాకుండా మధ్యదారి ఒకటుంది. మన ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద 2006లో వచ్చింది. బెటాలియన్లు సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, ఐటీబీపీ లాంటి దళాల నుంచే. ఏ దళాన్నీ రద్దు చెయ్యలేదు. ఇబ్బందల్లా మనుషులు కొన్నేళ్ళకి మాతృదళానికి వెళ్ళిపోతారు, శిథిలాల్లో వెతికే నేర్పు మళ్ళీ మొదటి నుంచి నేర్పాలి. శిక్షణ ఎప్పటికీ ఆగకూడదు, అంతే.

ఒకే_గొడుగు
స్కాట్లండ్ గురించి ఎవరూ ఎత్తలేదు. 2013 ఏప్రిల్ 1న ఎనిమిది పోలీసు దళాలు ఒక్కటయ్యాయి, ఎనిమిది ఫైర్ సర్వీసులు కూడా. చిన్న దళాలకి ఎప్పుడూ అందని నిపుణుల బృందాలు మారుమూలకి కూడా వెళ్ళగలిగాయి. ఇది లాభం కాదా?

రాత్రి_డిస్పాచ్
@ఒకే_గొడుగు లాభమే. మిగతా సగం కూడా చెప్పాలి కదా. 2015 జులైలో అక్కడి ఎం9 హైవే పక్కన కారు పడిపోయిందని ఒకరు ఫోన్ చేశారు. కాల్ ఎత్తినవాళ్ళు నోటుబుక్కులో రాసుకున్నారు, కంప్యూటర్లో ఎక్కించలేదు. మూడు రోజులకి దొరికింది. ఇద్దరూ దక్కలేదు. అప్పుడే కంట్రోల్ రూములు మూసి కాల్స్‌ని కొద్ది కేంద్రాలకి మళ్ళిస్తున్నారు. ఇంకో అధికారిని నిలబెట్టడం కాదు దీనికి మందు. కాల్ ఎత్తగానే ఘటన సంఖ్య దానంతటదే పుట్టాలి, మూయకుండా వదిలినవి పర్యవేక్షకుడి తెర మీద ఎర్రగా ఉండాలి. ఆ గదిలో నోటుబుక్కు ఉండకూడదు.

బోర్డు_మార్పిడి
పక్కనే ఇంగ్లండు. 46 ఫైర్ కంట్రోల్ రూముల్ని 9 చేస్తామని 2004లో మొదలుపెట్టి 2010 డిసెంబరులో ఆపేశారు. కనీసం 46 కోట్ల 90 లక్షల పౌండ్లు వృథా అని వాళ్ళ ఆడిట్ సంస్థే తేల్చింది. భవనాలు ముందు కట్టేశారు, సాఫ్ట్‌వేరు రాలేదు, స్థానిక సర్వీసుల్ని ఒప్పించలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం.

ఉత్తరపు_గాలి
ఫిన్లండ్ దీన్ని ఇంకో వైపు నుంచి పట్టుకుంది. పోలీసు, రెస్క్యూ, అంబులెన్స్ ఎవరి సంస్థ వాళ్ళదే. 112 ఫోన్ ఎత్తి, తేల్చి, బండి పంపే పనిని మాత్రం తీసి ప్రత్యేక సంస్థకిచ్చారు. కేంద్రాలు ఆరు. అన్నీ ఒకే వ్యవస్థ మీద నడుస్తాయి, ఒకచోట వరస పెరిగితే ఇంకోచోటి మనిషి ఎత్తుతాడు. పైన ఎర్లాంగ్ గారు చెప్పిన లాభం వచ్చింది, సర్వీస్_రూల్స్ గారు చెప్పిన రోగం తగ్గింది. శాఖలు కలపలేదు, ఫోన్ కలిపారు.

సర్వీస్_రూల్స్
అది నాకూ నచ్చింది. కొత్త సంస్థకి కొత్త రూల్స్ రాసుకోవచ్చు, పాతవాటితో కుస్తీ ఉండదు.

ఒకే_గొడుగు
ఫోన్ ఒకటైతే చాలదు. ఘటనాస్థలంలో ఎవరు పెద్ద? 2017 మేలో మాంచెస్టర్ ఎరీనా పేలుడు రాత్రి ఫైర్ వాళ్ళు రెండు గంటలకు పైగా అక్కడికి రాలేదు. వేరేచోట గుమిగూడి ఉండిపోయారు. ఉమ్మడి సూత్రాలు కాగితం మీద అప్పటికే ఉన్నాయి.

రాత్రి_డిస్పాచ్
నిజం. ఉమ్మడి కలిసే చోటు ఒకటే అని కంట్రోల్ రూములు ఒకళ్ళకొకళ్ళు నిర్ధారించుకోలేదు. అక్కడి పద్ధతిలో మొదట చేరినవాళ్ళు ఏడు సంగతులు చెప్పాలి: పెద్ద ఘటనగా ప్రకటించారా, కచ్చితంగా ఎక్కడ, ఏ రకం, ఏం ప్రమాదాలున్నాయి, ఏ దారిన రావాలి, ఎంతమందికి దెబ్బలు, ఎవరెవరు వచ్చి ఇంకెవరు కావాలి. మూడు శాఖలకీ అదే వరస, అదే ఫారం. కసరత్తులో చేస్తే రాదు, రోజూ చిన్న రోడ్డు ప్రమాదాలకి కూడా అలాగే చెప్తే అలవాటవుతుంది.

ఎవరు పెద్ద అన్నదానికి విలీనం అక్కర్లేదు. 1970 కాలిఫోర్నియా అడవి మంటల తర్వాత పుట్టిన ఘటనా కమాండ్ పద్ధతి అదే పని చేస్తుంది. ఒక నాయకుడి కింద ముగ్గురి నుంచి ఏడుగురు, ఐదుగురైతే మేలు. శాఖలు ఎక్కువైతే ఉమ్మడి కమాండ్: ఒకే గుడారం, ఒకే ప్రణాళిక, కిందకి ఒకే గొంతు.

మ్యాపుల_మనిషి
సరిహద్దులు మర్చిపోవద్దు. నెదర్లాండ్స్‌లో ఫైర్, విపత్తు పనులు చూసే 25 భద్రతా ప్రాంతాలు పోలీసు ప్రాంతాలకి సరిగ్గా సరిపోయేలా గీశారు. 2013లో పోలీసుల్ని ఒకే జాతీయ దళం చేసి 10 యూనిట్లుగా మార్చారు. భద్రతా ప్రాంతాలు 25 గానే ఉన్నాయి. ఒకటి సర్దితే రెండోది కదిలింది.

సందేహాల_సుబ్బు
సరే, ఎవరైనా కలిపే తీరతాం అంటే ఏ రోజు మార్చాలి?

రాత్రి_డిస్పాచ్
వరదల కాలం, మంటల కాలం కాని నెలలో, వారం మధ్యలో, తెల్లవారుజామున 4 గంటలకి. కాల్స్ తక్కువ, ఉదయానికి సాంకేతిక సిబ్బంది అందరూ ఉంటారు. మూడు రోజుల ముందు చిరునామాల మార్పులు ఆపెయ్యాలి. ఒక ప్రాంతం మార్చి, రెండు వారాలు చూసి, తర్వాతది. అన్నీ ఒకేసారి మారిస్తే 1992 అక్టోబరు 26 లండన్ అంబులెన్స్ గతే. మూడు డివిజన్లని ఒక్క దెబ్బకి కలిపి, కొత్త సాఫ్ట్‌వేరు పెట్టి, కాగితపు చీటీలు తీసేశారు. బండ్లు ఎక్కడున్నాయో వ్యవస్థకి తప్పుగా తెలిసింది, హెచ్చరికలు తెర మీద గుట్టలుపడి అసలువి కింద పడిపోయాయి. నవంబరు 4న మొత్తం ఆగిపోయింది. వెనక్కి వెళ్ళే దారి ఒకసారి నిజంగా వెళ్ళి చూడకుండా ముందుకెళ్ళకూడదు.

ఎర్లాంగ్_లెక్క
మార్చడానికి ముందు పన్నెండు నెలల కొలత చేతిలో ఉండాలి. సగటు కాదు, పదింట తొమ్మిది కాల్స్ ఎంతలో ముగిశాయో ఆ అంకె. సగటులో చెడ్డ రాత్రులు కనపడవు. ఇంకో చిక్కు, గడియారం ఎప్పుడు మొదలు? కొందరికి ఫోన్ మోగినప్పుడు, కొందరికి ఎత్తినప్పుడు, కొందరికి చిరునామా ఎక్కించినప్పుడు. ఇది ఒకటి చెయ్యకుండా "విలీనం తర్వాత 40 సెకన్లు తగ్గింది" అంటే నమ్మొద్దు.

వైర్‌లెస్_సెట్టు
మూడు గదుల గడియారాలే కలవవు చాలాచోట్ల. రేడియో రికార్డరు ఒక టైము, కంప్యూటరు ఒక టైము, గోడ మీదది ఒక టైము.

సందేహాల_సుబ్బు
అయితే ముందు గడియారాలు కలుపుకోమంటారు.

వైర్‌లెస్_సెట్టు
@సందేహాల_సుబ్బు ఒక జీపీఎస్ టైమ్ సర్వరు, అన్ని యంత్రాలూ దాన్నే అనుసరించాలి, వారానికోసారి తేడా చూసి రాసుకోవాలి. రికార్డరుని మాత్రం విడిగా చూడండి, దాన్ని నెట్‌వర్కుకి తగిలించడం అందరూ మర్చిపోతారు.